డావిన్సీ కోడ్: నచ్చిందా నచ్చలేదా అని అడిగితే

(ఈ ప్రసంగానికి ఆ రోజు రాలేకపోయిన వాళ్ళ కోసం రికార్డింగు విని టైప్ చేశాం. తడబాట్లు మాత్రం తీసేశాం, మిగతాదంతా మాట్లాడినట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనకాల వాళ్ళకి వినిపిస్తోందా అండీ? సరే, వినపడకపోతే చెయ్యెత్తండి, మొహమాటపడకండి.

ఈ రోజు మాట్లాడబోయేది మీలో సగం మంది చదివేసిన పుస్తకం గురించి, మిగతా సగం మంది సినిమాగా చూసేసిన పుస్తకం గురించి, ఆ రెండూ చెయ్యని వాళ్ళు కూడా ఎవరో చెప్తే విని "యేసుకి పెళ్ళయిందంట, చర్చి వాళ్ళు దాచేశారంట" అని ఇంకొకళ్ళకి చేరవేసేసిన పుస్తకం గురించి. డాన్ బ్రౌన్ రాసిన నవల, ద డావిన్సీ కోడ్. 2003లో వచ్చింది, కోట్ల కాపీలు అమ్ముడుపోయింది, ఇప్పటికీ పోతూనే ఉంది.

నన్ను పిలిచినప్పుడు ఫోన్‌లో ఒకటే అడిగారు, "మీకు ఆ పుస్తకం నచ్చిందా" అని. నచ్చింది అన్నాను. "అయితే మెచ్చుకుంటూ మాట్లాడతారన్నమాట" అన్నారు. లేదండీ, తిడతాను అన్నాను. అటు పక్క కాసేపు మాట లేదు. ఆ మాట లేని కాసేపు ఉంది చూశారూ, దాన్ని సాగదీస్తే ఈ ప్రసంగం.

ఇంకో మాట, చివర్లో అసలు హంతకుడెవరో చెప్పేస్తాను. పుస్తకం వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది కాబట్టి నాకు పాపం అంటదు. ఇంకా చదవాలి అనుకునే వాళ్ళుంటే నేను చెయ్యి ఊపినప్పుడు చెవులు మూసుకోండి.

ముందు నచ్చింది చెప్తా. రాత్రి పూట పారిస్‌లో లూవ్ర్ మ్యూజియం, ఖాళీ గ్యాలరీ, డెబ్భై ఆరేళ్ళ క్యురేటరు, అంటే ఆ బొమ్మల బాగోగులు చూసే పెద్ద, ప్రాణభయంతో పరిగెత్తుకొచ్చి గోడకున్న కారవాజియో అనే పాత చిత్రకారుడి బొమ్మని ఊడలాగుతాడు. ఎందుకు? బొమ్మ ఊడితే అలారం మోగుతుంది, ఇనప కటకటాలు దిగుతాయి, తనకీ వెంటపడ్డవాడికీ మధ్య అడ్డంగా పడతాయి. ఎంత తెలివో చూడండి. ఆ ముసలాయన ఎవరో మనకి తెలీదు, ఆయన ఏం చేశాడో తెలీదు, అయినా మొదటి పేజీలోనే ఆయన పక్షం అయిపోతాం. అక్కడ పట్టుకుంటాడండీ మన చెయ్యి, ఇక వదలడు. 105 అధ్యాయాలు, కొన్నైతే రెండు పేజీలు కూడా ఉండవు. తలుపు చప్పుడవుతుంది, అధ్యాయం అయిపోతుంది. కాగితం మడత విడుతుంది, అయిపోతుంది. "అప్పుడు అతనికి అర్థమైంది" అంటాడు, ఏం అర్థమైందో చెప్పడు, ఇంకో చోట ఇంకో మనిషి దగ్గరికి తీసుకుపోతాడు. సీరియల్ వాళ్ళు వారానికోసారి చేసే పని ఈయన ఒక్క పుస్తకంలో నూటఐదు సార్లు చేశాడు. నేను రాత్రి భోజనం అయ్యాక ఓ ఇరవై పేజీలు చదివి పడుకుందాం అని పట్టుకున్నా, పుస్తకం మూసేసరికి బయట పక్షులు అరుస్తున్నాయి. వాక్యాలు బాలేవని ఎగతాళి చేసే వాళ్ళు చాలామంది ఉన్నారు, వాక్యాలు నిజంగానే అంత బాగుండవు, ఒప్పుకుంటా, కానీ ఎగతాళి చేసే వాళ్ళని ఒక్క మనిషిని తెల్లారేదాకా కూర్చోబెట్టి చదివించి చూపించమనండి. మాటలు కాదు.

ఇక తిట్టేది. అసలు కథ మొదలవ్వక ముందే ఒక పేజీ ఉంది. పైన "వాస్తవం" అని ఉంటుంది. ప్రయరీ ఆఫ్ సయాన్ అనే రహస్య సంఘం 1099లో పుట్టింది, అది నిజంగా ఉన్న సంస్థ అంటాడు. ఓపస్ డే అనే క్యాథలిక్ సంస్థ గురించి చెప్తాడు. ఆ తర్వాత ఈ నవల్లో కళాఖండాలు, కట్టడాలు, పత్రాలు, రహస్య క్రతువుల గురించి ఉన్న వర్ణనలన్నీ సరైనవే అని ఒక్క ముక్కలో తేల్చేస్తాడు. ఒక్క పేజీ. నా కోపం అంతా ఆ ఒక్క పేజీ మీద. ఆ పేజీ చించేసి పుస్తకం అమ్మి ఉంటే నేను ఈ రోజు ఇక్కడికి వచ్చేవాణ్ణే కాదు.

రెండోసారి చదివినప్పుడు పెన్సిల్ పట్టుకుని చదివా. చిన్న చిన్నవి చాలా దొరికాయి. లూవ్ర్ ముందు గాజు పిరమిడ్ ఉంది కదా, దాంట్లో సరిగ్గా 666 అద్దాలు ఉన్నాయి, సైతాను సంఖ్య, అప్పటి ప్రెసిడెంటు మిత్తెరా పట్టుబట్టి పెట్టించాడు అంటాడు. మ్యూజియం వాళ్ళ లెక్క 673. అద్దాలు లెక్కపెట్టొచ్చు కదండీ, కనిపిస్తూనే ఉన్నాయి! సోఫీ అనే హీరోయిన్ లియొనార్డో డావిన్సీ వేసిన మడోన్నా, అంటే యేసు తల్లి మరియ, బొమ్మని గోడ మీంచి తీసి, గార్డుకి అడ్డంగా పట్టుకుని, మోకాలితో చించేస్తానని బెదిరిస్తుంది. ఆ బొమ్మ దాదాపు రెండు మీటర్ల ఎత్తు, మీదొక బరువైన ఫ్రేము. ఒక్క మనిషి దించగలదా? పోనీలెండి, ఇది నవల, హీరోయిన్‌కి ఆ మాత్రం బలం ఇద్దాం. ఇంకోచోట పోప్ ఐదో క్లెమెంట్ టెంప్లర్లు అనే క్రైస్తవ సన్యాసి సైనికుల్ని తగలబెట్టించి రోమ్‌లో టైబర్ నదిలో పారేయించాడు అంటాడు. టెంప్లర్లని 1307 అక్టోబరు 13న పట్టుకున్నది ఫ్రాన్స్ రాజు నాలుగో ఫిలిప్ మనుషులు, ఇక ఆ పోప్ అయితే పోప్ అయ్యాక రోమ్‌లో అడుగే పెట్టలేదు, ఫ్రాన్స్ వైపే ఉండిపోయాడు, చివరికి అవిన్యోన్‌లో మకాం పెట్టాడు. ఇలాంటివి ఏ నవల్లో అయినా ఉంటాయి, ఉండనీ. "వాస్తవం" అని బోర్డు పెట్టిన కొట్లో ఉన్నాయి కాబట్టి అడుగుతున్నా.

ఇప్పుడు ఆ 1099 సంఘం సంగతి. ఇది కొంచెం వివరంగా చెప్తా ఎందుకంటే నవల కంటే ఇదే బాగుంటుంది. ఫ్రాన్స్‌లోనే దక్షిణాన కొండ మీద రెన్ ల షాతో అని చిన్న ఊరు. అక్కడ బెరాంజే సోనియేర్ అని ఒక ఫాదరు ఉండేవాడు, 1917లో చనిపోయాడు. పేరు ఎక్కడో విన్నట్టుందా? నవల్లో చచ్చిపోయే క్యురేటరు ఇంటిపేరు అదే. ఈ ఫాదరు చిన్న ఊళ్ళో ఉంటూ చర్చి బాగుచేయించాడు, బంగళా కట్టాడు, గోపురం కట్టాడు. డబ్బెక్కడిది? పూజలు చేయిస్తానని దేశమంతా ఉత్తరాలు రాసి డబ్బులు తెప్పించుకున్నాడు, అన్ని పూజలు ఒక మనిషి జన్మలో చెయ్యలేడు, ఆ మీద బిషప్ విచారణ కూడా జరిగింది. అదీ నిధి. తర్వాత ఆ బంగళా కొనుక్కున్న నోయెల్ కోర్బు అనే ఆయన 1950ల్లో దాంట్లో హోటల్ పెట్టాడు. కొండ మీద హోటల్, ఎవరొస్తారు? అందుకని ఫాదరుకి నిధి దొరికిందట అని భోజనానికి వచ్చిన వాళ్ళకి కథ చెప్పడం మొదలెట్టాడు. 1956లో పేపర్లో కూడా వచ్చింది. జనం గునపాలు పట్టుకుని వచ్చారు. హోటల్ నిండింది.

అదే 1956లో, దేశానికి ఇంకో మూల, అన్మాస్ అనే ఊళ్ళో పియేర్ ప్లాంతార్ అనే ఆయన ఒక సంఘం పెట్టాడు. పేరు ప్రయరీ ఆఫ్ సయాన్. సయాన్ అంటే యెరూషలేములో సీయోను కొండ అనుకుంటున్నారా? కాదు, వాళ్ళ ఊరికి దగ్గర్లో ఒక గుట్ట ఉంది, దాని పేరు అది. ఆ సంఘం పత్రిక ఒకటి నడిపింది, దాంట్లో ఏముండేది అంటే తక్కువ అద్దె ఇళ్ళల్లో ఉండే వాళ్ళ హక్కులు. అద్దె ఇళ్ళండీ! లియొనార్డో, న్యూటన్ పెద్దలుగా ఉన్నారని నవల్లో చెప్పిన రహస్య సంఘం మొదట పోరాడింది అద్దెకున్న వాళ్ళ కోసం. తర్వాత ప్లాంతార్‌కి ఆ కొండ మీది హోటల్ కథ తగిలింది. తను పాత రాజవంశం వారసుణ్ణి అని చెప్పుకోవాలని ఆయన కోరిక. స్నేహితుడొకడు పాత తోలు పత్రాల్లా కనపడేవి తయారు చేసిపెట్టాడు. వంశవృక్షాలు, పెద్దల జాబితాలు టైపు కొట్టి 1960ల్లో పారిస్ జాతీయ గ్రంథాలయంలో దాఖలు చేసేశారు. ఎంత తేలికో చూడండి, తనే రాసుకుని, తనే లైబ్రరీలో పెట్టి, తర్వాత "చూశారా లైబ్రరీలో దొరికింది" అనడం. 1993లో ఒక జడ్జి పిలిచి ప్రమాణం చేయించి అడిగితే అంతా కల్పనే అని ఒప్పుకున్నాడు. అంటే నవల రావడానికి పదేళ్ళ ముందు. కొండను తవ్వి ఎలుకను పట్టడం అంటాం కదా, ఇక్కడ నిజంగానే కొండ ఉంది.

ఆ ఎలుక కథ నవల్లో లేదు. నా బాధ అదే. హోటల్ నడవక నిధి పుట్టించినవాడు, రాజు కావాలని లైబ్రరీలో కాగితాలు దాచినవాడు, గునపాలు పట్టుకుని కొండెక్కిన జనం, ఇంతకంటే గొప్ప కుట్ర కథ ఎక్కడుంటుంది చెప్పండి? చేతిలో అది పెట్టుకుని, ఆ పెద్దమనిషి టైపు కొట్టిన కాగితాన్నే "వాస్తవం" పేజీలో అతికించాడు.

సరే, మరి మనం ఎందుకు నమ్మాం? నేను నమ్మానండీ, మొదటిసారి. దాచుకోను. తెల్లారుజామున నాలుగింటికి పూర్తిగా నమ్మేసి ఉన్నా. పొద్దున్నే ఇంట్లో వాళ్ళకి నైసీయా సభ, అంటే ఆ కాలపు బిషప్పులంతా కూడిన సభ, గురించి ఉపన్యాసం ఇచ్చా కూడా, కాఫీ కూడా తాగకుండా. ఎందుకు నమ్మాను అని తర్వాత చాలా ఆలోచించా. పుస్తకం మధ్యలో, 55వ అధ్యాయం దగ్గర మొదలయ్యే చోటు గుర్తు తెచ్చుకోండి. పోలీసులు వెతుకుతున్నారు, హంతకుడు దగ్గర్లోనే ఉన్నాడు, అలాంటప్పుడు హీరో లాంగ్డన్, సోఫీ ఇద్దరూ లీ టీబింగ్ అనే ముసలి చరిత్రకారుడి బంగళాకి వెళ్తారు. అక్కడ పరుగు ఆగుతుంది. పేజీలకి పేజీలు పాఠం. మామూలుగా ఇలా పాఠం చెప్తే పుస్తకం పక్కన పడేస్తాం. పడెయ్యలేదు, ఎందుకంటే అప్పటికి రెండొందల పేజీల నుంచి మనల్ని ఆకలితో పరిగెత్తించాడు, ఏదీ పూర్తిగా చెప్పకుండా, తలుపు దగ్గర ఆపి ఆపి. ఇప్పుడు ఒక్కసారిగా విస్తరేసి వడ్డించాడు. అంత ఆకలి మీద ఉన్నవాడు ఉప్పుందా లేదా చూస్తాడా?

ఇంకోటి గమనించండి. ఆ గదిలో ముగ్గురే ఉన్నారు. టీబింగ్ చెప్తాడు, లాంగ్డన్ "అవును, చాలామంది పండితులు అలాగే అంటారు" అన్నట్టు తలూపుతాడు, సోఫీ ఆశ్చర్యపోతుంది. ఆవిడ పోలీసు శాఖలో కోడ్లు విప్పే నిపుణురాలు, తాతయ్య చిన్నప్పట్నుంచీ పజిల్స్ ఇచ్చి పెంచిన పిల్ల, అలాంటిది ఇక్కడ మాత్రం కళ్ళు పెద్దవి చేసుకుని కూర్చుంటుంది. అది మన కుర్చీ అండీ. మనల్ని కూర్చోబెట్టడానికి వేసిన కుర్చీ. "ఆగండాగండి, ఆ పత్రం ఏ భాషలో ఉంది, ఎక్కడ చూశారు" అని అడిగే నాలుగో మనిషి గదిలో లేడు. ఒక్క విసుగుమారి లెక్చరర్‌ని తెచ్చి ఆ మూల కూర్చోబెట్టి ఉంటే పాఠం రెండో పేజీలో ఆగిపోయేది.

ఆ లెక్చరర్ ఏం అడిగేవాడో కొంచెం చూద్దాం. నైసీయా సభ, 325వ సంవత్సరం, ఇప్పుడు టర్కీలో ఉంది ఆ ఊరు. టీబింగ్ ఏమంటాడంటే అప్పటిదాకా యేసుని అనుచరులు మామూలు మనిషి, గొప్ప ప్రవక్త అనుకున్నారు, చక్రవర్తి కాన్‌స్టంటైన్ రాజకీయం కోసం ఓటింగ్ పెట్టించి దేవుణ్ణి చేశాడు, అదీ కొద్ది తేడాతో గెలిచారు అని. అక్కడ గొడవ జరిగిన మాట నిజమే. ఆరియస్ అనే ఆయన కుమారుడు తండ్రి చేత సృష్టింపబడినవాడు, తండ్రితో సమానం కాదు అన్నాడు, మిగతా వాళ్ళు కాదు ఇద్దరిదీ ఒకే తత్వం అన్నారు. రెండొందల పైచిలుకు బిషప్పులు వచ్చారు, చివరికి సంతకం పెట్టం అని ఆరియస్‌తో నిలబడింది ఇద్దరంటే ఇద్దరు. కొద్ది తేడా ఎక్కడుందండీ? ఇక అప్పటిదాకా మామూలు మనిషి అనుకున్నారా? అంతకు రెండొందల ఏళ్ళ ముందే, 112 ప్రాంతంలో, ప్లీనీ అనే రోమన్ గవర్నరు చక్రవర్తికి ఉత్తరం రాశాడు, ఈ క్రైస్తవులు తెల్లవారకముందే ఒకచోట చేరి క్రీస్తుని దేవుడిలా కీర్తిస్తూ పాడుతున్నారు, వీళ్ళని ఏం చెయ్యమంటారు అని. ఆయన క్రైస్తవుడు కాదు, ఆయనకి దాచాల్సిన అవసరం లేదు, ఆఫీసు పని మీద రాసుకున్న ఉత్తరం అది. వాళ్ళ నమ్మకం నిజమా కాదా అనేది వేరే సంగతి, దాని జోలికి నేను పోను. నమ్మారు అనేది మాత్రం చరిత్ర.

ఇప్పుడు అందరికీ ఇష్టమైన ముక్క, బైబిల్లో లేని ఫిలిప్పు సువార్త. ఈజిప్టులో నాగ్ హమ్మాది అనే చోటు దగ్గర 1945 డిసెంబరులో ఒక రైతుకి జాడీ దొరికింది, దాంట్లో తోలు అట్టలున్న పాత పుస్తకాలు, పదమూడు. టీబింగ్ చుట్టలు అంటాడు, అవి చుట్టలు కావు, మనం చదువుకునే పుస్తకాల్లాంటివే. కొన్ని ఆకుల్ని ఇంట్లో పొయ్యిలో పెట్టేశారని కూడా చెప్తారు. అందులో ఫిలిప్పు సువార్త ఒకటి. యేసు వెంట నడిచిన మగ్దలేనే మరియ, నవల్లో ఆయన భార్య అనేది ఈవిడనే, యేసుకి సహచరి అని ఉంది, నిజంగానే ఉంది. ఆయన ఆమెని ముద్దు పెట్టుకునేవాడు అని ఉంది. ఎక్కడ? నవల్లో పెదవుల మీద అని ఉంటుంది. నేను ఆ పేజీ ఫొటో చూశా. "ఆమె" అనే దాకా ఉంది, ఆ తర్వాత... కన్నం. పాపిరస్ కాగితానికి కన్నం. చీమలు తిన్నాయో ఏమో ఆ ముక్క లేదు. పెదవులు కావచ్చు, నుదురు కావచ్చు, చెయ్యి కావచ్చు, బుగ్గ కావచ్చు. ప్రపంచమంతా చర్చించుకున్న ముద్దు ఒక కన్నంలో పెట్టారండీ! ఇంకా టీబింగ్ ఏమంటాడంటే ఏ అరామిక్ పండితుణ్ణి అడిగినా సహచరి అంటే ఆ రోజుల్లో భార్య అనే చెప్తాడు అని. అరామిక్ పండితుణ్ణి అడిగితే "అయ్యా ఇది ఈజిప్టు వాళ్ళ కాప్టిక్ భాష, ఆ మాటేమో గ్రీకు, నన్నెందుకు అడుగుతున్నారు" అంటాడు పాపం.

కానీ చూడండి, ఇక్కడే నాకు రెండు మనసులు. ఆ కన్నాన్ని నేను చూశానంటే ఎవరి పుణ్యం? డాన్ బ్రౌన్ పుణ్యమే. ఈ నవల చదవకపోతే నాగ్ హమ్మాది అనే పేరు నేను జన్మలో విని ఉండేవాణ్ణి కాదు. తిడుతూ తిడుతూ ఏడాదిపాటు చదివా, సువార్తలు నాలుగూ వరసగా చదివా, అంతకు ముందు ముక్కలు ముక్కలుగా తప్ప ఎప్పుడూ చదవలేదు. అబద్ధం చెప్పి గుడికి తీసుకెళ్ళిన స్నేహితుణ్ణి ఏమంటాం? అలా ఉంది నా పరిస్థితి.

బొమ్మ సంగతి తొందరగా చెప్పేస్తా. మిలాన్‌లో లియొనార్డో వేసిన కడరా భోజనం, అంటే యేసు శిష్యులతో ఆఖరిసారి తిన్న భోజనం, బొమ్మలో ఆయన పక్కన ఉన్నది శిష్యుడు యోహాను కాదు, మగ్దలేనే అంటాడు. గడ్డం లేదు, ముఖం మెత్తగా ఉంది అని. ఆ కాలం ఇటలీ బొమ్మల్లో యోహాను ఎప్పుడూ అలాగే ఉంటాడు, అందరికంటే చిన్నవాడు కాబట్టి. సరే, అది మగ్దలేనే అనుకుందాం. బల్ల దగ్గర యేసుతో కలిపి పదముగ్గురే ఉన్నారు. మరి యోహాను ఎక్కడికి వెళ్ళాడు? చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళాడా? కత్తి పట్టుకున్న చెయ్యి ఎవరిదో తెలీదు, గాల్లో ఉంది అంటాడు. అది ఇంకో శిష్యుడు పేతురు చెయ్యి, మణికట్టు వెనక్కి తిప్పి పట్టుకున్నాడు, పాత నకళ్ళలో స్పష్టంగా కనిపిస్తుంది. అసలు బొమ్మ పొడిగోడ మీద వేశాడు కాబట్టి ఆయన బతికుండగానే పెచ్చులూడిపోయింది, మరమ్మతుకే 1978 నుంచి 1999 దాకా పట్టింది. పెచ్చులూడిన చోట ఎవరికేది కావాలంటే అది కనపడుతుంది.

ఇప్పుడు అసలు కోపం. ఈ పుస్తకం ఆడవాళ్ళ పక్షం అని పేరు. చర్చి స్త్రీని తొక్కేసింది, మరియని వేశ్య అని ముద్ర వేసింది, నేను ఆమె గౌరవం ఆమెకి తిరిగి ఇస్తున్నా అంటుంది. సగం నిజం ఉంది దాంట్లో. సువార్తల్లో ఎక్కడా ఆమె వేశ్య అని లేదు. 591లో గ్రెగరీ అనే పోప్ ఒక ప్రసంగంలో ముగ్గురు వేరు వేరు ఆడవాళ్ళని కలిపి ఒక్కరిని చేసేశాడు, లూకా ఏడో అధ్యాయంలో పేరు లేని పాపాత్మురాలు, బేతనియ మరియ, మగ్దలేనే మరియ. పధ్నాలుగు వందల ఏళ్ళు ఆ ముద్ర మోసింది. 1969లో క్యాథలిక్ చర్చి తన పండగల పట్టిక మార్చినప్పుడు విడదీశారు, 2016లో అపొస్తలులతో సమానంగా పండగ స్థాయి ఇచ్చారు. ఈ అన్యాయం గురించి నవల గట్టిగా అరిచింది, మంచిదే. మరి అరిచి ఏం ఇచ్చింది ఆమెకి? భార్య చేసింది, తల్లిని చేసింది. పాత యూరప్ కథల్లో వీరులు వెతికే పవిత్రమైన గ్రెయిల్ అంటే గిన్నె కాదు ఆమె గర్భమే అంది, రాచరక్తం మోసిన కుండ అంది. పన్నెండో శతాబ్దం చివర్లో గ్రెయిల్ కథ మొదటగా రాసిన క్రెతియాన్ ద త్రోయ్ దగ్గర అది వడ్డించే పళ్ళెం, గిన్నె కూడా కాదు, ఆ తర్వాత వచ్చిన వాళ్ళు కడరా భోజనం గిన్నె చేశారు, ఈయన ఆడమనిషిని చేశాడు. ఆమెకి కథలో పాత్ర ఇస్తానని పిలిచి, చివరికి ఆమెనే పాత్ర చేసి కూర్చోబెట్టాడు.

ఇప్పుడు యోహాను సువార్త ఇరవయ్యో అధ్యాయం తెరవండి. నమ్మకం ఉన్నా లేకపోయినా ఫర్వాలేదు, కథగా చదవండి. ఇంకా చీకటిగా ఉంది. ఆమె ఒక్కతే సమాధి దగ్గరికి వచ్చింది. రాయి తీసేసి ఉంది. మగవాళ్ళిద్దరికీ చెప్తే పరిగెత్తుకొచ్చారు, చూశారు, ఇంటికి వెళ్ళిపోయారు. ఆమె వెళ్ళలేదు. ఏడుస్తూ అక్కడే నిలబడింది. శవాన్ని ఎవరో ఎత్తుకుపోయారు అనుకుంది. చూశారా, థ్రిల్లర్ అంటే ఇది. శవం మాయం. వెనక్కి తిరిగితే ఒక మనిషి ఉన్నాడు, తోటమాలి అనుకుంది, "అయ్యా నువ్వే తీసుకెళ్తే ఎక్కడ పెట్టావో చెప్పు, నేను తీసుకుపోతా" అంటుంది. ఒక్కతే, శవాన్ని మోసుకుపోతానంటోంది! ఆయన ఒక్కటే మాట అంటాడు, "మరియా" అని. అంతే. తర్వాత ఆమెకి ఒక పని చెప్తాడు, వెళ్ళి వాళ్ళకి చెప్పమని. ఎవరి భార్య అనీ ఎవరి తల్లి అనీ లేదు, పని ఉంది ఆమెకి. కుట్ర కావాలంటే అదీ ఉంది అక్కడే, మత్తయి చివరి అధ్యాయంలో, కాపలా సైనికులకి డబ్బులిచ్చి "రాత్రి మేం నిద్రపోతుంటే శిష్యులు వచ్చి ఎత్తుకుపోయారని చెప్పండి" అంటారు పెద్దలు. నిద్రపోతుంటే ఎవరు ఎత్తుకుపోయారో మీకెలా తెలుసురా అని నాకెప్పుడూ నవ్వొస్తుంది.

ఆఁ, చెయ్యి ఊపుతున్నా. చెవులు మూసుకోండి. ఆ పాఠాలన్నీ చెప్పిన టీబింగ్ ఉన్నాడు చూశారూ, వాడే హంతకుడి వెనక ఉన్నవాడు. ఫోన్లో "గురువు" పేరుతో అందర్నీ ఆడించింది వాడే. చర్చి కాదు! ఓపస్ డే పెద్ద అయిన బిషప్పు మోసపోయాడు, ఓపస్ డే మోసపోయింది, వాటికన్‌కి ఈ హత్యలతో సంబంధం లేదు. ఇప్పుడు ఆలోచించండి. పుస్తకంలో పెద్ద పెద్ద మాటలన్నీ అన్నవాడు అబద్ధాలకోరు, హంతకుడు అని రచయితే చివర్లో చెప్పాడు. మరి మనం వెనక్కి వెళ్ళి "వీడు చెప్పిన పాఠం కూడా అబద్ధమేమో" అని ఎందుకు అనుకోలేదు? నేనూ అనుకోలేదు. హత్యల్ని వాడి ఖాతాలో వేశాం, పాఠాన్ని మన ఖాతాలో దాచుకున్నాం. వ్యతిరేకించిన వాళ్ళూ అంతే. 2006లో సినిమా వచ్చినప్పుడు ఇక్కడ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కూడా నిషేధం పెట్టింది, హైకోర్టు కొట్టేసింది, గుర్తుందా? చర్చిని హంతకురాలిని చేశారు అని ఊరేగింపులు చేసిన వాళ్ళు చివరి పేజీల దాకా వెళ్ళలేదు అని నా అనుమానం.

చెవులు తెరవండి. అదే సంవత్సరం లండన్‌లో కేసు నడిచింది. 1982లో ఈ యేసు పెళ్ళి, ఆయన పిల్లల వంశం అన్నీ చరిత్ర అంటూ ఒక పుస్తకం వచ్చింది, ముగ్గురు రాశారు, అందులో ఇద్దరు బేజెంట్, లీ. మా పుస్తకం ఎత్తి రాశాడు అని కోర్టుకెళ్ళారు. లీ టీబింగ్ అనే పేరులో లీ ఒకరిది, టీబింగ్ అంటే బేజెంట్ ఇంగ్లీషు అక్షరాలు తారుమారు చేస్తే వచ్చేది, వాళ్ళకి మండిందంటే మండదూ! ఏప్రిల్లో ఓడిపోయారు. తమాషా ఏంటంటే జడ్జిగారు తీర్పులో తనూ ఒక రహస్య కోడ్ ఇరికించారు, అక్కడక్కడా అక్షరాలు వాలుగా అచ్చువేయించి. జడ్జికే పట్టుకుంది ఈ పిచ్చి, మనమెంత.

సైలస్ గురించి చెప్పకుండా వదలను. తెల్లగా పాలిపోయిన ఒళ్ళు, ఎర్రటి కళ్ళు, తనని తాను కొరడాతో కొట్టుకునే సన్యాసి, హత్యలు చేసేది అతనే. ఓపస్ డే 1928లో స్పెయిన్‌లో పుట్టింది, దాంట్లో సన్యాసులే ఉండరు, ఎక్కువమంది ఉద్యోగాలు, సంసారాలు చేసుకునే వాళ్ళు. ఆల్బినిజం, అంటే పుట్టుకతోనే ఒంటికి రంగు లేకపోవడం, ఉన్న వాళ్ళ సంఘాలు కూడా బాధపడ్డాయి, ఎప్పుడూ మమ్మల్ని విలన్లుగానే చూపిస్తారు అని, న్యాయమైన మాటే, పైగా ఆల్బినిజం ఉంటే చూపు తక్కువగా ఉంటుంది, గురి చూసి కాల్చడం అంత తేలిక కాదు. ఇన్ని తప్పులున్నా పుస్తకం మొత్తంలో నాకు మనిషిలా అనిపించింది వాడొక్కడే. తండ్రి చేత దెబ్బలు తిన్న పిల్లాడు, ఒక్క మనిషి, ఆ బిషప్పు, చేరదీస్తే ఆయన కోసం ఏదైనా చేస్తాడు, చివర్లో పొరపాటున ఆయన్నే కాల్చేస్తాడు. రక్తం కారుతూ ఆయన్ని చేతుల మీద మోసుకుని ఆస్పత్రికి పరిగెత్తుతాడు. తర్వాత పొగమంచులో, పార్కులో, ఒక్కడే ప్రార్థన చేస్తూ పోతాడు. అక్కడ కోడ్ లేదు, పజిల్ లేదు, పాఠం లేదు. అది రాసినవాడికి రాయడం రాదు అని నేను అనలేను.

ఆ చివరి పేజీ కూడా అంతే. లాంగ్డన్ అర్ధరాత్రి లూవ్ర్‌కి తిరిగొస్తాడు, తలకిందుల గాజు పిరమిడ్ దగ్గరికి, మగ్దలేనే ఎముకలు కింద ఉన్నాయని అతనికి తడుతుంది. తవ్వడు. ఎవరికీ ఫోన్ చెయ్యడు. మోకాళ్ళ మీద కూర్చుంటాడు. నాలుగొందల పైచిలుకు పేజీలు రహస్యాలన్నీ విప్పుతా విప్పుతా అన్నవాడు ఆఖరికి ఒకటి విప్పకుండా దండం పెట్టి ఊరుకున్నాడు. మొదటిసారి అక్కడ నాకు కళ్ళు చెమ్మగిల్లాయి. రెండోసారి చదివినప్పుడూ చెమ్మగిల్లాయి, పెన్సిల్ చేతిలో ఉండగానే, కింద ఏ ఎముకలూ లేవని తెలిసి కూడా.

నా కాపీ తెచ్చాను, ఇదుగో. చదవని వాళ్ళెవరైనా తీసుకెళ్ళొచ్చు, అంచుల్లో పెన్సిల్ రాతలు ఉంటాయి, మొదటిసారి చదివేటప్పుడు వాటిని చూడకండి. ఆ "వాస్తవం" పేజీ ఉంది కదా అని వెతకొద్దు, అది చింపేశాను. ఎవరో అడుగుతున్నారు అక్కడ, చెప్పండమ్మా?